ఒకే ఒక్క ‘వద్దు’

తోటపల్లి గూడూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో రెండేళ్ల పాప ఒక్క క్షణం కుదురుగా లేదు. నేను చదువుతున్న పుస్తకంలో పేజీ చింపింది. తన చెప్పులు ముందు సీటు కిందికి విసిరింది. తల్లి ఏమీ అనకుండా వంగి వాటిని తీసుకుంది.

“ఏమ్మే, బిడ్డను ఒక మాట అనలేవా? మహారాణిని పెంచతా ఉండావా?” అంది వెనక సీటు ముసలామె. తల్లి నవ్వి ఊరుకుంది.

బస్సు ఆగగానే పాప ఒళ్లోంచి జారి, తెరిచి ఉన్న తలుపు వైపు పరుగెత్తింది.

“వద్దు” అంది తల్లి, ఒక్కసారే, మెల్లగా.

పాప ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

కొత్తవాళ్లతో మాట్లాడే అలవాటు లేకపోయినా, ఉండబట్టలేక అడిగాను. “ఎలా నేర్పావక్కా?”

ఆమె పాపను ఒళ్లోకి లాక్కుంది. “ప్రాణం మీదికొస్తే తప్ప దీన్ని దేనికీ వద్దనను. దీని అక్కను పొద్దస్తమానం అంటా ఉంటిని. మన్ను తాకొద్దు, గిన్నె తియ్యొద్దు అని. రొయ్యల గుంట గట్టు మీదికి పోతా ఉంటే గూడా వద్దనే అరిచినా. రోజూ అనేదే గదా అనుకొనింది. నా పక్క చూసి, నవ్వతానే నీళ్లల్లోకి దిగేసింది.”

తర్వాతి స్టాపులో వాళ్లు దిగిపోయారు.

ఎక్కడైనా ఒక తల్లి పసిబిడ్డను వద్దు, వద్దు అంటూ ఉంటే, నా కళ్లు ఇప్పటికీ చుట్టుపక్కల నీళ్ల కోసం వెతుకుతాయి.