రాజమ్మ సిస్టర్ చెయ్యి

సిమెంటు పొడిలో మందు పోయగానే గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. విరిగిన వెన్నుపూసలో నింపే సిమెంటు అది. జనగామలో మా ఆపరేషన్ థియేటర్‌లో ఇన్నేళ్లుగా ఆ వాసన పీలుస్తున్నా, ప్రతిసారీ రాజమ్మ సిస్టరే గుర్తుకొస్తుంది. ఆమె వెనకాలే నా పాత కుళ్లూ లేస్తుంది. మనిషి పోయింది గానీ నా కుళ్లు పోలేదు.

ఆమెది బయ్యారం. మాకు హెడ్ నర్సు. నేనూ, రఘునాథపల్లి సుజాతా ఒకేసారి ఆమె కింద పనికి చేరాం. తిట్లన్నీ నాకు, ముద్దంతా సుజాతకు. తన డబ్బాలోని చింతకాయ తొక్కు దానికే పెట్టేది, దాని జడ సరిచేసేది. పిండికట్టుకు నేను కలిపిన ముద్దను మాత్రం వేలితో నొక్కి చూసి, "ఏందే పద్మా, గిది పిండికట్టుకా, జొన్న గట్కకా? పారబోసి మళ్ల కలుపు" అనేది. సుజాత ఎంత పలచగా కలిపినా, "పోనీ తియ్యి, నేర్చుకుంటది" అని తానే సర్దేది. నా కడుపు రగిలిపోయేది. నాలో లేనిదేమిటో, దానిలో ఉన్నదేమిటో ఎంత ఆలోచించినా తెలిసేది కాదు.

ఒకరోజు ఇంట్లో నీళ్ల బిందె ఎత్తబోతే ఆమె నడుములో పటుక్కుమంది. ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒకటి నలిగిపోయిందని స్కానింగులో తేలింది. బెల్టు పెట్టినా, మాత్రలు మింగినా వారాల తరబడి పక్కకు తిరగలేకపోయింది. మమ్మల్ని ఉరుకులు పెట్టించిన మనిషి దిండు కొరుక్కుంటూ ఏడ్చింది. చివరికి డాక్టరుగారు, పెద్ద కోత అక్కర్లేదు, సూది గుండా పూసలోకి సిమెంటు ఎక్కిద్దామన్నారు. అది పలచగా ఉంటే నరాల వైపు కారి కాళ్లు పడిపోవచ్చు. మరీ గట్టిపడితే సూదిలోంచి దిగదు.

బోర్లా పడుకోబెట్టి నడుము దగ్గర మాత్రమే తిమ్మిరి మందు ఇచ్చారు. ఆమె మెలకువగానే ఉంది, వణుకుతోంది. చెయ్యి పట్టుకుందామని నేను తల దగ్గరికి వెళ్లాను.

"నువ్వు గాదే. సుజాతను పిలువు. నా చెయ్యి అది పట్టుకుంటది. నువ్వు సిమెంటు కాడికి పో" అంది.

సుజాత వచ్చి పట్టుకుంది. వాళ్ల చేతులు చూస్తూ కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. పళ్లు బిగబట్టి సిమెంటు కలిపాను. డాక్టరుగారు ఎక్స్‌రే తెర మీద చూస్తూ, సరిగ్గా కుదిరిందన్నారు.

సాయంత్రానికి ఆమె గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచింది. నేనిక ఆగలేకపోయాను.

"సుజాత చెయ్యే గావాల్నా సిస్టర్? నేనేం జేసిన?"

"పిచ్చిదానా! నువ్వు నా చెయ్యి వట్టుకుంటే గా సిమెంటు ఎవలు కలుపుతరే? అది కలిపితే నా కాళ్లు ఉండేటియా?"

ఆ మాటతో నా మంట చల్లారాలి. చల్లారలేదు. నాకు కాళ్లు అప్పగించింది, సుజాతకు చెయ్యి ఇచ్చింది. నాకు రెండూ కావాలి.

ఇప్పుడు హెడ్ నర్సును నేను. పని బాగా వచ్చిన పిల్లకే సిమెంటు కలపమని చెబుతాను. అలా మనిషిని ఎంచడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కానీ మహబూబాబాద్ నుంచో భూపాలపల్లి నుంచో వచ్చిన ముసలమ్మ బోర్లా పడుకుని భయంతో చెయ్యి చాపితే, ఆ చెయ్యి మాత్రం ఎవరికీ ఇవ్వను. సుజాత ముందుకొచ్చినా సరే, పక్కకు జరిపి నేనే పట్టుకుంటాను.