చంద్రుడి దాకా మన బొగ్గే

బొగ్గు బాయి కార్మికుడు రాయమల్లుకు ఒకటే జబ్బు. దేశంలో ఏ గొప్ప పని జరిగినా, దానికి మూలం గోదావరిఖని బొగ్గేనని తేల్చేదాకా ఆయనకు ముద్ద దిగదు.

క్రికెట్‌లో మనవాళ్లు గెలిస్తే, "స్టేడియంల లైట్లు ఎవలి బొగ్గుతోని ఎలిగినయి?" అనేవాడు. సైకిల్ మెకానిక్ కరీం ఒకసారి ఉండబట్టలేకపోయాడు.

"నిన్న మా ఇంట్ల కరెంటు పోయింది. అది గూడ మన గొప్పేనా, రాయమల్లన్నా?"

"అది వైరు తప్పు. బొగ్గు తప్పు గాదు!"

2008 అక్టోబరులో చంద్రయాన్ ఎగరబోతోందని తెలిసింది. ఇక రాయమల్లును పట్టడం ఎవరి తరం? వారం రోజులు కార్మికుల కాలనీలో పెళ్లిపెద్దలా తిరిగాడు. ఆ పొద్దున ఆరింటికే టీవీని అరుగు మీదికి తెచ్చి, "జల్ది రా భాయ్!" అంటూ కరీంను దుప్పటితో సహా లాక్కొచ్చాడు.

బాయిలో బొగ్గు తవ్వే మొగిలితో సహా షిఫ్టుకు పోయేవాళ్లు టిఫిన్ డబ్బాలతో నిలబడిపోయారు. నల్లా నీళ్ల దగ్గర కొట్లాడుకుని నెల రోజులుగా మాటల్లేని పూలమ్మ, సుగ్రా బీ చెరో మూల కూర్చున్నారు. రాకెట్ నిప్పులు కక్కుతూ లేచి మబ్బుల్లో దూరింది. అందరూ ఊపిరి బిగబట్టారు. టీవీలో చప్పట్లు మోగగానే పూలమ్మ వెళ్లి సుగ్రా బీని కావలించుకుంది. కొట్లాట సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. అయినా వదల్లేదు.

రాయమల్లు అందుకున్నాడు.

"పూలమ్మక్కా, ముబారక్! మన బొగ్గు కరెంటుతోనే రాకెట్ తయారైంది. నువ్వు క్యాంటీన్ల పోసిన చాయ్ తాగే మొగిలి బొగ్గు తవ్విండు. సుగ్రా బీ, నువ్వు కుట్టిన అంగీతోనే బాయి దిగిండు. కరీం భాయ్, నువ్వు పంక్చర్ ఎయ్యకుంటే వాడు డ్యూటీకే వచ్చేటోడు గాదు!"

ఇంత పని చేశానా అని మొగిలి కాలర్ సర్దుకున్నాడు.

రాయమల్లు అంతటితో ఆగలేదు. చివరి క్వార్టరుకు పరుగెత్తాడు. వెనకే కరీం. బాయిలో కాలు విరిగి రెండేళ్లుగా గడప దాటని సదయ్య ఉండేది అక్కడే.

"సదన్నా! నీ రాకెట్ లేచింది!"

"నాదేంది తమ్మీ? నేను బాయి దిగక రెండేండ్లాయె."

"చంద్రుని మీదికి పోయేదాన్ని నిన్ననే చేసిండ్రా? ఏండ్ల సంది చేస్తుండ్రు. గప్పటి బొగ్గు ఎవలిది? నీదే గద!"

సదయ్య లేచి కూర్చున్నాడు. తర్వాత కర్ర అందుకున్నాడు.

"టీవీల మళ్ల జూపిస్తరా?"

సదయ్యను నడిపించుకొస్తుంటే కరీంకు అప్పుడు తట్టింది.

"అన్నా, అందరి పని జెప్పినవ్. మరి నీదేంది?"

రాయమల్లు తల గోక్కున్నాడు. "నేనా? నేను... టీవీ బయట వెట్టిన గద!"

"అరే, ఇనుండ్రి!" అని కరీం కాలనీ అంతా వినేలా అరిచాడు. "బాయిల కప్పు కూలకుంట దుంగలు నిలవెట్టేది గీ అన్ననే! గీయన లేకుంటే మొగిలి తవ్వుడెట్ల, రాకెట్ లేచుడెట్ల?"

ఈలలు మోగాయి. రాయమల్లు మొహం ఎర్రబడింది. "షిఫ్టుకు టైమాయె!" అంటూ సిగ్గుతో లుంగీ మీదనే బాయి వైపు ఉరికాడు.