తేదీ వేయని పద్యం

రిటైరయ్యాక మందమర్రి వైపు ఒక డిగ్రీ కాలేజీలో గెస్టుగా తెలుగు చెప్పాను. ఆఖరి సంవత్సరం వాళ్లకు ఒక పాత యుద్ధకావ్యంలో కొంత భాగం పాఠం. యుద్ధం ముగిశాక ఆడవాళ్లు రణరంగంలో తమవాళ్ల శవాలను వెతుక్కునే ఘట్టం. గైడులో తాత్పర్యం దొరుకుతుంది కనుక మూలం ఎవరూ తెరిచేవారు కాదు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. హాజరుపట్టీ వరుసలో ఒక్కొక్కరు ఒక్కో పద్యం పైకి చదివి, పదాలు విడగొట్టి, అర్థం చెప్పాలి. చదివిన పద్యం పక్కన నా ప్రతిలో పెన్సిలుతో తేదీ వేస్తాను. ఆ రోజు తరగతికి రాని వాళ్ల పద్యం వాళ్లకోసం ఆగి ఉంటుంది. పిల్లలు ముందే లెక్కేసుకుని తమ వంతు పద్యం ఒక్కటే నేర్చుకుని వచ్చేవారు. అదైనా నయమే అనుకున్నాను.

చలికాలం మొదట్లో, తరగతిలో బాగా చదివే అమ్మాయి తండ్రి గనిలో బండ కూలి చనిపోయాడు. ఆయన స్థానంలో ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ‘అవ్వ’ అని పిలిచే తల్లికి ఉద్యోగపు వయసు దాటింది, తమ్ముడు బడిలో ఉన్నాడు. బిడ్డ డిగ్రీ పూర్తి చేయాలని తండ్రి కోరిక. ఆమె పరీక్షలు రాస్తుందో, ఉద్యోగానికి పోతుందో తెలియక తరగతంతా ఎదురుచూస్తోంది.

కర్మ అయ్యాక ఒక సోమవారం ఆ అమ్మాయి తరగతికి వచ్చింది. ఆమె కోసం ఆగి ఉన్న పద్యంలో ఒక భార్య, భుజం మీది పాత గాయపు మచ్చ చూసి భర్తను గుర్తుపట్టి, అతనితో మాట్లాడుతూ ఏడుస్తుంది. నేను పుస్తకం తెరవగానే వెనక బెంచీ అబ్బాయి లేచాడు.

"గా పద్యం నేను చదివిన మేడం, పోయిన వారమే."

"నా పుస్తకంల తారీఖు లేదే."

"మీరు మరిచిపోయింటరు."

నేను మరిచిపోనని వాళ్లందరికీ తెలుసు. అయినా ఎవరూ నవ్వలేదు.

"నువ్వు ఊకో రా," అంది ఆ అమ్మాయి. "అది నాదే."

"ఇంకోటి తీసుకుంటవా బిడ్డా?" అన్నాను. అలా ఎవరినీ అడిగి ఎరుగను.

"వద్దు మేడం."

తడబడకుండా చదివింది. పదాలు సరిగ్గా విడగొట్టింది. అర్థం చెబుతూ మచ్చ దగ్గర ఆగింది.

"మేడం, గీమె గింత సేపు ఎట్ల మాట్లాడింది? మా అవ్వ మాట్లాడలే. బాపు మొఖం గూడ సూపెట్టలే మాకు. టోకెను నంబరు జెప్పిండ్రు, అవ్వ ఏలిముద్ర ఏసింది."

గనిలోకి దిగే ప్రతి మనిషికీ దీపాలగదిలో నంబరున్న బిళ్ల ఒకటి ఇస్తారు. దాన్నే టోకెను అంటారు; లోపల ఎవరున్నారో దాన్ని బట్టే లెక్క.

"పద్యంల ఆమె మాట్లాడకపోతే గా దుఃఖం మనకు తెల్వదు గద," అన్నాను.

"తెల్వకపోతే ఏమైతది మేడం?"

ఎదిరించి అడగలేదు, అడిగింది అంతే. గైడులో దీనికి కరుణరసం అని రాసి ఉంది. నేను తేదీ వేసి, కూర్చోమన్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత స్టాఫ్ రూముకు వచ్చింది.

"నౌకరీ కాయితం అచ్చింది మేడం."

"పరీక్షలు రాసి చేరరాదు?"

"ఆగరట. అవ్వ గూడ పొమ్మంటుంది."

"ఏం పని?"

"దీపాలగదిల. టోకెన్లిచ్చుడు." కాయితం మడుస్తూ, "బాపు నంబరు ఇంకొకలకు ఇస్తరట. ఇగ రోజూ నా చేతులకెల్లే పోవాలె అది," అంది.

కుర్చీ జరిపి కూర్చోమన్నాను. గని కాలనీకి పోయే షిఫ్టు బస్సు ఉందని వెళ్లిపోయింది.

పాఠం ముగిసేలోగా ఆమె వంతు మరోసారి వచ్చింది. నేను ఆ పద్యం వదిలి తరువాతి నంబరు పిలిచాను. వెనక బెంచీ అబ్బాయి చేయి ఎత్తాడు.

"నడుమ ఒకటి పోయింది మేడం."

"అది ఆమెది. వచ్చినంక చదువుతది."

"రాదు మేడం. మొన్న కాలనీల కలిసింది నాకు."

"తెలుసు. నువ్వు కూసో."

పరీక్షలో ఆ పద్యమే అడిగితే ఎలా అని పిల్లలు గొణిగారు. గైడులో చూసుకొమ్మన్నాను. నా ప్రతిలో ఆ ఒక్క పద్యం పక్కన ఇప్పటికీ తేదీ లేదు.