హోబర్ట్ తాళం

హోబర్ట్ అమెరికాలోని కెంటకీ కొండల్లో ముప్పై ఒక్కేళ్లు బొగ్గు తవ్వాడు. మాండలిన్ అంతకు ముందునుంచే వాయిస్తున్నాడు. ఇరవయ్యో ఏట బ్లూగ్రాస్ అనే ఆ కొండల జానపద సంగీతం వాయించే ఒక బృందంతో రెండు వేసవులు ఊరూరా తిరిగి, పెళ్లయ్యాక గనికి తిరిగొచ్చాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళి. పాడడం మానేశాడు. శనివారం మధ్యాహ్నాలు ఫైర్ స్టేషన్ హాల్లో గుండ్రంగా కూర్చునే వాద్యగాళ్ల మధ్య తాళం మాత్రం వేస్తాడు. ఆ సంగీతంలో డ్రమ్ము ఉండదు. మాండలిన్ తీగల మీద టక్కుమని పడే దెబ్బే అందరినీ నడుపుతుంది. ఎన్ని మాండలిన్లున్నా ఆ దెబ్బ ఒక్కరే వేయాలి.

ఆ శనివారం స్కూలు బస్సు నడిపే లవీనా మొదటిసారి తన మాండలిన్‌తో వచ్చి, పెద్దాయన మీది మర్యాదకొద్దీ తను వాయించకుండా కూర్చుంది. పాట మధ్యలో హోబర్ట్‌కు దగ్గు తెర వచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, అందుకోమని ఆమెకు తల ఊపాడు. ఆమె అందుకోగానే పాట పరుగెత్తింది. బాంజో వాయించే ఎస్టిల్ వేళ్లు తేలికపడ్డాయి. హోబర్ట్ చివరిదాకా విన్నాడు.

"తొందరపడ్డావా అమ్మాయ్?"

"లేదు బాబాయ్, ఆ పాట నడకే అది."

అతను ఎస్టిల్ వైపు తిరిగాడు. "ఎన్నాళ్ల నుంచిరా నాకోసం పాటలన్నీ ఈడుస్తున్నారు?"

"నీ మొహం! అందరం ముసలి గాడిదలమే. మాకు మాత్రం ఆయాసం ఉండదేంట్రా?"

ఎవరూ నవ్వలేదు. హోబర్ట్ కుర్చీ వెనక్కి జరుపుకుని, "కానివ్వు," అన్నాడు లవీనాతో. మరో పాట మొదలైంది. ఒళ్లో అతని కుడి మణికట్టు కదులుతూనే ఉంది, ప్రతి దెబ్బకూ కొంచెం వెనకబడి.