దవడ కింది గ్రంథుల వరస

పంజాగుట్టలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తాను. ఆపరేషన్లలో తీసిన కండ ముక్కలు ఫార్మలిన్ డబ్బాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని మైనం దిమ్మలో బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీదికెత్తి, రంగు వేసి మా పాథాలజిస్ట్ మేడమ్‌కి ఇస్తాను. జబ్బు పేరు చెప్పేది ఆవిడ.

పోయిన ఏడాది మేడమ్ నాకు ఇంకో పని అప్పగించారు. పాత రిజిస్టర్లు తిరగేసి, లాలాజల గ్రంథుల్లో వచ్చిన గడ్డలన్నీ ఒక పట్టికలో పెట్టాలి. ఒక్కో గ్రంథికి ఒక్కో వరస. ఏ జబ్బు, కణాలు ఏ తీరులో అమరి ఉన్నాయి, ఎన్నిసార్లు వచ్చింది. గొట్టాల్లా ఉన్నవి, జల్లెడలా ఉన్నవి, సందు లేకుండా ముద్దగా ఉన్నవి. ఇలాంటి పని నాకు ఇష్టం. రెండు నెలలు ఆ పట్టికే నా లోకం.

అప్పుడు నేను అమీర్‌పేటలో ఒక అక్క నడిపే మెస్‌లో తినేవాణ్ణి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె పప్పు గిన్నెతో నా బల్ల దగ్గర ఆగింది.

"డాక్టర్ సాబ్, జర ఇటు చూడు."

"నేను డాక్టర్ని కాదక్కా."

"అయితే కాంపౌండర్ సాబ్. చూడు మరి."

కుడి దవడ ఎముక కింద రేగుపండంత గడ్డ. నొప్పి లేదంది. నా పట్టిక అప్పటికి సగానికి పైగా అయింది. అడుగున మొత్తాలు వేసి ఉన్నాయి. వాటినే గుర్తు చేసుకుని, "లాలాజల గ్రంథి గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే అక్కా, నేనే లెక్కేశాను. ఎందుకైనా మంచిది, ఒకసారి సూది పరీక్ష చేయించుకోండి" అన్నాను.

"నువ్వే లెక్కేసినవ్ కదా, ఇంక సూదెందుకు? నేను దవాఖానల పొంటి తిరిగితే ఈడ ఎవడు వండుతడు, మీ నాయన వండుతడా?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత కనిపించినప్పుడల్లా గడ్డ మీద వేలు పెట్టి, "మంచిదేనా?" అని కళ్లెగరేసేది. "మంచిదే" అనేవాణ్ణి. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఈలోపు మేడమ్ వేరే పనుల్లో పడి పట్టిక సంగతి పక్కన పెట్టారు. మళ్లీ తెరిచిన రోజు స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించారు. "అడుగున మొత్తం చూసి ఎవరికీ ఏమీ చెప్పకూడదు. ముందు ఏ గ్రంథో అడగాలి." చెవి ముందుండే పెద్ద గ్రంథి వరస పొడవైనది. మొత్తాన్ని మంచి వైపు మొగ్గేలా చేసింది అదే. దవడ కింది గ్రంథుల వరస పొట్టిది. అందులో మంచివీ చెడ్డవీ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఆ వరస టైప్ చేసింది నేనే. ఆ ఆదివారానికి ముందే చేశాను.

ఆ సాయంత్రమే మెస్‌కి వెళ్లి, వెంటనే పరీక్ష చేయించుకోమన్నాను. అక్క ఈసారి నవ్వలేదు. "పది దినాల సంది నాలిక సగం తిమ్మిరెక్కుతుంది తమ్మి" అంది.

సూది పరీక్ష తర్వాత అక్కకి ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ముక్కను మా ల్యాబ్‌కే పంపింది. ఫారం మీద పేరు చూశాను. కోతకు గట్టిపడాలని మైనం దిమ్మను కాసేపు మంచు మీద ఉంచి, నేను బయట నిలబడి వచ్చాను. రంగు వేశాక మేడమ్ కంటే ముందు నేనే మైక్రోస్కోప్‌లో చూశాను. జల్లెడ. గుండ్రటి కన్నాలు, చుట్టూ నల్లటి చిన్న కణాలు. ఒక నరాన్ని చుట్టుకుని కూడా ఉన్నాయి. మేడమ్ వచ్చి చూసి, క్యాన్సర్ పేరు చెప్పి, పట్టికలో చేర్చమన్నారు. దవడ కింది వరసలో ఒకటి పెంచాను. అడుగున మొత్తమూ ఒకటి పెరిగింది. ఎక్కువ భాగం ప్రమాదం లేనివే అన్న మాట మాత్రం మారలేదు.

రేడియేషన్ అయ్యాక అక్క నోట్లో తడి ఆరిపోయింది. మాటమాటకీ నీళ్లు తాగుతూ మెస్‌లో ఓ మూల కుర్చీలో కూర్చునేది. డిగ్రీ చదివే కూతురు కాలేజీ మానేసి వంట చూసుకుంటోంది. ఒక మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఏ వరస చదవాలో, ఏది చదివానో. మధ్యలో ఆపకుండా వింది.

"అంటే ఆ పొద్దే పోతే బాగుంటుండెనా?"

"బాగుండేదేమో అక్కా."

"ఏమో అంటవేంది? ఉండెనా లేదా, అది చెప్పు."

ఆ గడ్డ నరాన్ని ఎప్పుడు పట్టుకుందో ఏ గాజు పలకా చెప్పదు. కానీ ఆమె అడిగింది అది కాదు.

"ఉండేది" అన్నాను.

రెండు గుక్కలు తాగి సీసా మూత పెట్టింది. వంటగదిలో ఉన్న కూతురి వైపు చూసింది.

"మా బిడ్డకు మాత్రం చెప్పకు. నీకు అన్నం పెట్టది."

కాసేపటికి ఆ అమ్మాయే వచ్చి, నేనింకా తినలేదని కంచం పెట్టి అన్నం వడ్డించింది. మారు కూడా వేసింది. వద్దనలేకపోయాను.