ఎడమచేతి గరిటె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరి పుట్టినరోజుకైనా కొత్త బట్టలు ఉండేవో లేదో గాని, తాతయ్య చేత్తో చేసిన వస్తువు ఒకటి మాత్రం తప్పకుండా ఉండేది. మాది పాలకొల్లుకి దగ్గర్లో, కాలువ పక్కన ఒక పల్లె. ఇంటి ముందు వరిచేలు, వెనక కొబ్బరితోట. వ్యవసాయం మా నాన్న అందుకున్నాక తాతయ్య తోటలో తాటాకు పాకలో కూర్చుని ఏదో ఒకటి చెక్కుతూనో, అల్లుతూనో కాలక్షేపం చేసేవారు. ఆయన దగ్గర పెద్ద సరంజామా కూడా ఉండేది కాదు. ఒక కత్తి, ఒక చిన్న రంపం, రెండు ఉలులు, నున్నగా గీకడానికి పగిలిన గాజు పెంకులు.

ఆయన చేసినవి చూడ్డానికి గొప్ప అందంగా ఉండేవని చెప్పలేను. మామ్మకి చేసిచ్చిన పీట మిగతా పీటల కంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా, పంక్తిలో వింతగా కనిపించేది. మామ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. కాని పీట మీంచి లేచేటప్పుడు గోడకి చెయ్యి ఆనించడం తాతయ్య కంటపడింది. అలాగే మా అమ్మకి ఇచ్చిన వెదురు ఊదుగొట్టం మామూలు దానికంటే జానెడు పొడుగు. పొయ్యి ఊదీ ఊదీ పొగకి అమ్మ కళ్ళు ఎర్రబడిపోతుండేవి. పొడుగు గొట్టం వచ్చాక అమ్మ పొయ్యికి దూరంగా కూర్చుని ఊదుకునేది. ఇచ్చేటప్పుడు తాతయ్య ఒక్క మాట కూడా అనేవారు కాదు. పొద్దున్నే ఆ మనిషి కూర్చునేచోట వస్తువు పెట్టేసి తోటలోకి వెళ్ళిపోయేవారు. అవి బహుమతులని అప్పట్లో మాకెవరికీ తోచలేదు. తాతయ్యకి తీరుబడి ఎక్కువ, అందుకని ఏదో చేస్తుంటారనుకునేవాళ్ళం.

నాది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. బడిలో మాస్టారు బెత్తంతో కొట్టి కుడిచేత్తో పలక మీద రాయడం నేర్పించారు గాని, పలక కింద పెట్టగానే చెయ్యి మళ్ళీ తన దారినే పోయేది. తాళం తీసినా, చీపురు పట్టినా, గరిటె తిప్పినా ఎడంచెయ్యే. ఇంట్లో అందరూ ఏదో ఒకటి అనేవారు గాని ఎవరూ మరీ పట్టించుకునేవారు కాదు. వంటింట్లో మామ్మ వెనకాల తిరగడం, ఉడుకుతున్న పప్పు కలపడం, దించిన గిన్నెల మీద మూతలు పెట్టడం నాకు మహా ఇష్టంగా ఉండేది. ఆ ఏడు కార్తీకమాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగేదాకా ఇలాగే సాగింది.

వ్రతానికి చుట్టాలందరూ వచ్చారు. హాల్లో అరిటాకులు వరసగా వేశారు. పిల్లలకి అప్పడాలు వడ్డించే పని అప్పజెప్పారు. కుడిచేత్తో పళ్ళెం పట్టుకుని ఎడంచేత్తో అప్పడాలు వేసుకుంటూ నేను ఉత్సాహంగా పోతున్నాను. మండపేట నుంచి మామ్మకి వేలువిడిచిన అన్నగారు ఒకాయన వచ్చారు. నేను ఆయన ముందు వంగేసరికి ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేశారు.

"ఏమ్మా, నీకు కుడిచెయ్యి లేదా?" అన్నారు.

పంక్తిలో ఎవరో నవ్వారు. ఇంకెవరో, "పుర్రచెయ్యండి దానిది" అన్నారు. నేను పళ్ళెం అక్కడే కింద పెట్టి పెరట్లోకి పారిపోయాను. వెళ్తూ వెళ్తూ మామ్మ మొహం చూశాను. ఆవిడ తలెత్తలేదు.

ఆ సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయాక మామ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. కోప్పడలేదు. "రేపు అత్తారింట్లో ఇలా వడ్డిస్తే వాళ్ళు నిన్నేమీ అనరే. ఏ ఇంటి పిల్ల ఇది అని మమ్మల్నంటారు" అంది. మర్నాడు తన పాతచీర ముక్కతో ఒక చిన్న సంచి కుట్టింది. నా ఎడంచెయ్యి మణికట్టుదాకా పట్టేలా కొలతపెట్టి, మూతికి నాడా ఎక్కించింది. భోజనానికి కూర్చున్నా, వంటింట్లోకి వచ్చినా ఆ చెయ్యి సంచిలో పెట్టి నాడా ముడివేసేది. ఇన్నేళ్ళ తరవాత తలుచుకుంటే, అదీ నాకోసమే, నా కొలతకే, ప్రేమతోనే కుట్టిన వస్తువని అర్థమవుతుంది. కాని నేనప్పుడు పడ్డ బాధ ఇంతా అంతా కాదు. కుడిచేత్తో అన్నం కలుపుకుంటే మెతుకులన్నీ ఒళ్ళో పడేవి. మంచినీళ్ళ గ్లాసు జారిపోయేది. కొన్నాళ్ళకి వంటింటి గడప తొక్కడమే మానేశాను. సంచి లేనప్పుడు కూడా ఎడంచెయ్యి వీపు వెనక పెట్టుకుని తిరగడం అలవాటైపోయింది. నలుగురిలోకి రావాలంటే భయం. ఎవరైనా పిలిస్తే ముందు ఆ చెయ్యి ఎక్కడుందో చూసుకునేదాన్ని.

తాతయ్య ఇదంతా చూస్తూ ఊరుకున్నారు. కనీసం నేను అలా అనుకున్నాను.

ఒకరోజు పాక దగ్గర కూర్చుంటే, ఆయన మొలకెత్తిన కొబ్బరికాయ ఒకటి కొట్టి అందులోంచి పువ్వు తీశారు. కొబ్బరిపువ్వంటే నాకు ప్రాణం. "అమ్మడూ, పట్టుకో" అని దూరం నుంచే విసిరారు. నా ఎడంచెయ్యి దానంతటదే లేచి పువ్వుని గాలిలోనే అందుకుంది. వెంటనే నాకు గుర్తొచ్చింది. పువ్వు కుడిచేతిలోకి మార్చుకుని, ఎడంచెయ్యి వెనక్కి దాచేశాను. తాతయ్య కాసేపు నా వైపు చూసి, మళ్ళీ తన పనిలో పడ్డారు. ఆ తరవాత నుంచి ఆయన నాకు చిన్నచిన్న పనులు చెప్పడం మొదలుపెట్టారు. కుండీలోంచి ముంతతో నీళ్ళు తెచ్చి సానరాయి మీద పొయ్యమనేవారు. బొప్పాయి మొక్క మొదట్లో పొయ్యమనేవారు. అక్కడ మామ్మ లేదు కనక నేను నాకు వచ్చినట్టే పోసేదాన్ని. ఆయన గాజు పెంకుతో కొబ్బరిచిప్ప గీక్కుంటూ నా చేతివైపే చూస్తుండేవారు. ముంత ఎటు వంగుతోంది, మణికట్టు ఎటు తిరుగుతోంది అని చూస్తున్నారని నాకు తెలియదు. పనులు చేయించుకోవడానికి ఎవరూ దొరక్క నన్ను పిలుస్తున్నారనుకున్నాను.

నా పుట్టినరోజు మాఘమాసంలో. ఆ ఉదయం లేచి, తాతయ్య ఏం చేసి ఉంటారా అని అరుగు మీదికి పరిగెత్తాను. బొమ్మబండో, బొంగరమో ఉంటుందని ఆశ. తీరా చూస్తే అక్కడ ఒక కొబ్బరిచిప్ప గరిటె ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. సరుగుడు పుల్లతో పిడి. చిప్ప అంచు ఒకపక్క మాత్రం పిట్టముక్కులా కోసుగా సాగి ఉంది.

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. గరిటె! వడ్డన దగ్గరే కదా నాకు అంత అవమానం జరిగింది. తాతయ్య కూడా మామ్మ మాటే చెప్తున్నారు, కుడిచేత్తో వడ్డించడం నేర్చుకోమంటున్నారు, ఇంక ఈ ఇంట్లో నాకెవరూ లేరు అనుకున్నాను. దాన్ని ముట్టుకోకుండా గడ్డిమేటు వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి తాతయ్య గరిటె పట్టుకుని అక్కడికే వచ్చారు. అలా ఒక వస్తువు ఇచ్చాక మనిషిని వెతుక్కుంటూ రావడం ఆయన అలవాటు కాదు.

"నచ్చలేదా అమ్మడూ?"

నేను మొహం పక్కకి తిప్పేసుకున్నాను.

"పోనీ, ఒక్కసారి పట్టుకుని చూడు. నచ్చకపోతే పొయ్యిలో పెట్టేద్దాం."

కళ్ళు తుడుచుకుని కుడిచెయ్యి చాపాను. ఆయన గరిటె ఇవ్వకుండా వెనక్కి తీసుకున్నారు.

"ఆ చెయ్యి కాదు. దాచుకున్నావే, అది."

వెనకనుంచి ఎడంచెయ్యి తీయడానికి నాకు చాలాసేపు పట్టింది. తీశాక ఆయన పిడి నా గుప్పిట్లో పెట్టారు. అది నా చేతికోసం పుట్టినట్టు ఇమిడిపోయింది. బొటనవేలు ఆనేచోట చిన్న గుంట కూడా చెక్కి ఉంది. కుండీ దగ్గరికి తీసుకెళ్ళి గ్లాసులో నీళ్ళు పొయ్యమన్నారు. గరిటె కొంచెం వంచేసరికి ఆ పిట్టముక్కు సరిగ్గా గ్లాసువైపు తిరిగింది. సన్నటి ధార, ఒక్క చుక్క కూడా బయట పడలేదు. మళ్ళీ పోశాను. మళ్ళీ మళ్ళీ పోశాను. పావడా తడిసిపోయేదాకా ఆడుతూనే ఉన్నాను. తాతయ్య కుండీ గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నారు.

మధ్యాహ్నం పుట్టినరోజు వంట. మజ్జిగపులుసు, గారెలు, పాయసం. నేను గరిటె కడిగి వంటింటి గట్టుమీద పెట్టాను. మామ్మకి సంగతి తెలియదు. కొత్త గరిటె బావుందే అనుకుని, తాతయ్యకి మజ్జిగపులుసు వెయ్యడానికి అదే తీసుకుంది. ఆవిడ కుడిచేతిలో ఆ ముక్కు విస్తరికి అవతలిపక్కకి తిరిగింది. పులుసంతా నేల మీద పడింది. చెయ్యి మెలితిప్పి మళ్ళీ ప్రయత్నిస్తే ఈసారి తాతయ్య పంచె మీద పడింది.

"ఇదేం గరిటండీ బాబూ! మూతి తప్పుపక్క పెట్టారేంటి?" అని మామ్మ విసుక్కుంది.

"తప్పుపక్కేం కాదు. నీ చేతికి కుదరదంతే" అన్నారు తాతయ్య.

"కుదరని గరిటె ఎందుకు చేసినట్టు?"

"నీకోసం చెయ్యలేదుగా."

మామ్మకి అప్పుడు అర్థమైంది. గుమ్మం దగ్గర నిలబడ్డ నావైపు చూసింది. తాతయ్య పంచె దులుపుకుంటూ నెమ్మదిగా అన్నారు. "రెండుసార్లకే నీకు విసుగొచ్చింది. ఆ పిల్లకి ఈ ఇంట్లో అన్నీ ఇలాగే ఉంటాయి, రోజూ."

ఆ మాటలో కోపం లేదు. దెప్పిపొడుపూ లేదు. మామ్మ నేల తుడిచి, చేతులు కడుక్కుని, చాలాసేపు ఆ గరిటెని అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత దాన్ని నాకు అందించింది.

"ఏదీ, నువ్వు వెయ్యి తాతయ్యకి."

నేను ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక ఆవిడ మొహంలోకి చూశాను. "అది ఏ చేతికి చేశారో ఆ చేత్తోనే పట్టుకోవే" అంది. ఎడంచేత్తో పట్టుకుని వేశాను. పులుసు అన్నం మధ్యలో గుంటలోకి దిగింది. ధార ఆగేదాకా మామ్మ కళ్ళార్పకుండా చూసింది.

"ఇంట్లో వాళ్ళకి నీ ఇష్టమొచ్చినట్టు వడ్డించు. దేవుడి దగ్గర, పదిమంది కూర్చున్న పంక్తిలో మాత్రం కుడిచెయ్యి. అంతవరకు నాకోసం నేర్చుకో" అంది చివరికి. నేను తలూపాను. తాతయ్య ఇంకాస్త పులుసు వేయించుకున్నారు. పాతచీర సంచిలో ఆ సాయంత్రమే మామ్మ మెంతులు పోసి మూతికట్టింది. మళ్ళీ అది నా చేతికి రాలేదు.

మరుసటి ఏడు వ్రతానికి మండపేట ఆయన మళ్ళీ వచ్చారు. నేను భయపడుతూ అప్పడాల పళ్ళెం పట్టుకున్నాను. ఆయన నోరు తెరవకముందే మామ్మ, "మా పిల్లది ఎడంచేతి వాటం అన్నయ్యా. పట్టింపైతే నీకు నేను వేస్తాను" అంది. ఆయన తడబడి, "ఎందుకమ్మా, పిల్లే వేస్తుందిలే" అన్నారు. అప్పటికి కుడిచేత్తో వెయ్యడం నాకు వచ్చేసింది. ఆయనకి కుడిచేత్తోనే వేశాను. కాని చెయ్యి దాచుకుని కాదు.

ఇప్పుడు నాకు డెబ్భై దగ్గరపడుతున్నాయి. రాజమండ్రిలో ఉంటున్నాం. పుట్టినరోజులకి మనవలు పేరు అచ్చువేయించిన కప్పులు, ఫొటో ఉన్న దిండ్లు పంపిస్తుంటారు. వాటిని చూస్తే సంతోషమే. కాని నేను ఎవరికైనా ఏదైనా చేసి ఇవ్వాలంటే, ముందు కొన్నాళ్ళు వాళ్ళని చూస్తాను. ఏ చేత్తో గ్లాసు అందుకుంటారు, మెట్లెక్కేటప్పుడు ఎక్కడ ఆగుతారు, ఏ పని చెయ్యకుండా తప్పించుకుంటారు అని. అడిగితే చెప్పరు మనుషులు. కష్టంగా ఉన్నదాన్ని ఎవరైనా దాచుకుంటారు. నేను దాచుకోలేదూ?

మా వారికి రెండేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. ఆయన ఆ మాట ఎత్తరు. చొక్కా వేసుకోవడానికి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు, ఎంతసేపటికీ రారు. పెళ్ళిళ్ళకి పిలిస్తే ఒంట్లో బాగాలేదని మానేస్తున్నారు. మొన్న ఆయన పుట్టినరోజుకి నేను కొత్త చొక్కా కొనలేదు. ఉన్న చొక్కాల కాజాలన్నీ కుట్టేసి, లోపల నొక్కితే పడే టిచ్ బటన్లు పెట్టాను. పైన పాత గుండీలు ఎప్పటిలాగే కనిపించేలా కుట్టాను. చూసేవాళ్ళకి తేడా తెలియదు. మడతపెట్టి ఆయన మంచం మీద ఉంచి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి ఆయన చొక్కా తొడుక్కుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. గుండీలన్నీ సరిగ్గా పడ్డాయి.

"ఎప్పుడు చూశావు?" అని అడిగారు.

"రోజూ చూస్తూనే ఉన్నానండి" అన్నాను.