సారు మీద కప్పిన ఎర్రంచు గుడ్డ

మొన్న పొద్దుగాల ఫోన్ అచ్చింది, కోరుట్ల సారు పోయిండని. చేసింది కథలాపూర్ ఆయన, జైల్ల నా దగ్గర నేత నేర్చుకున్నోడు. పానం పోయేటప్పుడు నేను పక్కనే ఉన్న, తాతా అన్నడు. నాకు దుఃఖం కంటే ముందుగాల గిదే తట్టింది: నేను పోయేటప్పుడు పక్కన ఎవరుంటరు? సారు కాడ సదువుకున్నోళ్లు ఆయన గురించి మంచిగ రాయమన్నరు. మంచే రాస్త. గని అబద్ధం రాయ.

మాది సిరిసిల్ల. ఊరంత కరెంటు సాంచాల మీద పడ్డా నేను చేతి మగ్గం ఇడువలే. తెలంగాణ కొట్లాట నడిచే రోజులల్ల జైలోళ్లు పిలిచిన్రు, లోపటున్నోళ్లకు తువ్వాలలు, దుప్పట్లు నేసుడు నేర్పుమని. అదే షెడ్డుల ఆ కొసకు సారు అక్షరాలు చెప్పేటోడు. కిరస్తానపు కూలోళ్ల ఇంట్ల పుట్టి, సదువుకొని, కోరుట్లల బడి పంతులు చేసి రిటైరైన మనిషి. ఆయనకు కుర్చీ ఏసిన్రు. నాకు గుంట. గుంట మగ్గమాయె, కాళ్లు గుంటల పెట్టే కూసోవాలె, నాకెరుకే. అయినా కడుపుల మండేది. ఇద్దరిది ఒక్కటే ఈడు. ఆయనను సార్ అందురు, నన్ను తాతా అందురు.

బంద్ అయిందంటే లారీ రాదు, నూలు రాదు. నా మగ్గం ఆగేది. బలపానికి లారీతోటి పనేమున్నది? నా కాడ కూసున్నోళ్లంత లేసి ఆయన కాడికి పోయేటోళ్లు. రాస్తారోకోల పట్టుకొచ్చిన కాలేజీ పోరగాండ్లను గూడ సారు ఊకోనియ్యలే. "నినాదం తర్వాత ఇద్దువు గని కొడుకా, ముందుగాల గీ పెద్దమనిషితోటి అ ఆ దిద్దియ్యి" అనేటోడు.

అక్షరాలు అచ్చినంక వాళ్లు మొదలు రాసింది జై తెలంగాణ. నా మగ్గం పైన గోడ మీదనే రాసిన్రు. జైలు పెద్దసారు చూసి, "ఎవరు రాసిన్రిది?" అని గరమైండు. సారు కుర్చీల కెళ్లి లేసి, "తప్పులైతే లేవు గద సార్" అన్నడు. పెద్దసారు నవ్వుకుంట పోయిండు. అదే మాట నేనంటే నవ్వుతుండెనా?

"మాస్టరూ, నువ్వు గూడ రా, దిద్దు" అని సారు నన్ను పిలిచేటోడు.

"నా ఏళ్లు పోగు పట్టేటియి సార్, బలపం పట్టేటియి కావు."

"అట్లనా, మరి నాకు నేత నేర్పు" అని ఒకనాడు గుంటల దిగిండు. పోగుల నడుమ ఉరకాల్సిన నాడె, ఇసిరితే ఎగిరి అవుతల పడ్డది. పోగులు పుటపుట తెగినయి. అతుకుదమని సూసిండు, ముడి పడలే. ఆ పూట నాకు అన్నం మంచిగ దిగింది.

కథలాపూర్ ఆయన గీత కార్మికుడు. కల్లు కాడ కొట్లాటల ఒకని పానం పోతే శిక్ష పడ్డది. తాటి చెట్లెక్కిన కాళ్లు, మగ్గం తొక్కుడు తొందరగ పట్టుకున్నయి. మా నాయిన నాకు నేర్పిన ఎర్రంచు ఒకటున్నది. రెండెర్ర పోగులు, నడుమ ఒక తెల్లది, మల్ల రెండెర్రయి. నా కొడుకులిద్దరు సాంచాలకు పోయిన్రు, వాళ్లకు అది అక్కర పడలే. ఈనకు నేర్పిన. ఇడుదలైతే సిరిసిల్లకు రా, నా మగ్గం నీదే అన్న. సరే తాతా అన్నడు. సారు చెప్పిన అక్షరాలు మర్చిపోకుంట మగ్గం గుంజ మీద బలపంతోటి రాసుకునేటోడు. అవి చూసి చూసి నేను నేర్చుకున్న. సారుకు చెప్పలే. ఇప్పుడు నేను రాస్తున్నది గా అక్షరాలతోటే.

ఆయన శిక్ష తీరి ఇడుదలైన నాడు గేటు కాడ నిలబడ్డ. సారు గూడ అచ్చిండు. కథలాపూర్ ఆయన ఇద్దరి కాళ్లు మొక్కి, నా మొకం సూడకుంట అన్నడు: "తాతా, సారుకు ఇంట్ల ఎవరు లేరు. కండ్లు మసకలైనయి. నేను కోరుట్లకు పోత."

"మరి మగ్గం?"

"ఆడనే పెట్టుకుంట. సారు ఇంట్ల ఒక అర్ర ఇస్తన్నడు."

సారు నా చెయ్యి పట్టుకొని, "మాస్టరూ, నువ్వు నేర్పిన పని నా ఇంట్ల నడుస్తది. నాకు అంతకంటే గౌరవమేమున్నది" అన్నడు. గౌరవం నాకెందుకు, మనిషిని ఇయ్యిమను అని మనసుల అనుకున్న. బస్సెక్కిన.

తర్వాత జగిత్యాల దిక్కు కెళ్లి గూడ, జైలు నుంచి బయటపడ్డోళ్లు సారు ఇంటికి అచ్చుడు మొదలువెట్టిన్రు. పొద్దుగాల నేత, మాపటీలి సదువు. నేను ఎప్పుడు పోయినా సారు నాకు కుర్చీ ఏసి, ఆయన గడప మీద కూసునేటోడు. ఎందుకు సార్ అంటే, "జైల్ల శానా దినాలు నేను కూసున్న. ఇప్పుడు నువ్వు కూసో" అనేటోడు. అంటే నా మంట ఆయనకు అప్పటి నుంచే ఎరుకన్నట్టు. ఒక్కనాడు ఎత్తిచూపలే. గట్లాంటి మనిషి.

ఫోన్ అచ్చినంక కోరుట్లకు పోయిన. గుంత కాడ పాస్టరు ప్రార్థన అయినంక కథలాపూర్ ఆయన సంచిల కెళ్లి తెల్లగుడ్డ తీసిండు. రెండెర్ర, ఒక తెల్ల, రెండెర్ర. అంచు పొడుగూత సూసిన, ఏడనన్న తప్పు దొరుకుతదేమోనని. దొరకలే.

"తాతా, ఆ కొస నువ్వు పట్టు" అన్నడు.

పట్టిన. ఇద్దరం కలిసి సారు మీద కప్పినం. మా నాయిన మీద గిసొంటిదే నేనే నేసి కప్పిన. నా మీద గూడ గదే పడాలనుకున్న. నాకొకటి నేస్తవా కొడుకా అని నోటిదాక అచ్చింది. అడిగి నేపిచ్చుకునేదేంది?

మట్టి పోస్తున్నరు. తెల్లదంత మునిగింది. కాళ్ల దిక్కు జానెడు ఎర్రంచు ఇంక కనవడుతనే ఉండె. అందరు మొకాలు దించుకున్నరు. నేను దాన్నే సూసుకుంట నిలబడ్డ.